హైదరాబాద్ మేడలు పెరిగినా సరుగుడు బాదుకు గిరాకీ పెరగదెందుకు?

అమలాపురం: మేడ లేస్తే బాదు కదలాలన్నది సరుగుడు వ్యాపారంలో చాలాకాలంగా నడుస్తున్న లెక్క. పట్నంలో శ్లాబులు ఎక్కువ పడితే సఖినేటిపల్లి, మలికిపురం, అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు తోటల్లో గొడ్డలి ఆడుతుందని, ధర కాస్త ముందుకు పోతుందని అనుకోవడం వ్యాపారులకు అలవాటు. ఆ లెక్క ప్రకారమైతే హైదరాబాద్ పడమటి శివార్లలో, కోకాపేట, నార్సింగి, నానక్‌రాంగూడ ప్రాంతాలలో, నలభై యాభై అంతస్తుల భవనాలు వరుసగా లేస్తున్న ఈ కాలంలో సరుగుడు ధరకు పట్టపగ్గాలు ఉండకూడదు. అయితే ఆ భవనాల శ్లాబుల కింద సరుగుడు బాదు లేదు. గోడల్లో ఎర్ర ఇటుక లేదు. పరంజా కట్టడానికి కొబ్బరితాడు లేదు. గోదావరి ఇసుక సయితం అక్కడికి చేరదు.

ఇది వినోదానికి చెప్పుకునే విషయం కాదు. తోటను నిలువునా కొని, రైతుకు ముందుగా రొక్కం ముట్టజెప్పి, ఏడాదో ఏడాదిన్నరో ఆగి కొట్టించే వ్యాపారికి రాబోయే గిరాకీపై వేసుకున్న అంచనాయే పెట్టుబడి. సరుగుడు నాటిన నాలుగైదేళ్ళకు గాని కోతకు రాదు. ఈ సంవత్సరం నాటిన మొక్క బాదుగా మారే వేళకు బజారు ఎటు తిరిగి ఉంటుందో తెలియకపోతే రైతుకు, వ్యాపారికి ఇద్దరికీ నష్టమే. హైదరాబాద్ మేడల ఎత్తును చూసి బాదుకు గిరాకీ ఊహించుకోవడం ఇప్పుడు పొరపాటు ఎందుకవుతుందో తెలియాలంటే, ముందు అక్కడి భూమి ధరను చూడవలసి ఉంటుంది.

ఎకరం నూరు కోట్లు

2021 జూలై 15న హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ కోకాపేటలో 49.92 ఎకరాలు వేలం వేయగా 2,000.37 కోట్ల రూపాయలు వచ్చాయి. ఎకరానికి గరిష్ఠంగా 60.20 కోట్లు పలికింది. 2023 ఆగస్టు 3న అక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లోనే మలివిడత వేలం జరిగినప్పుడు 45.33 ఎకరాలకు 3,319.60 కోట్లు లభించాయి. ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకు పోయింది. సగటు ధర 73.23 కోట్లు. 2025 అక్టోబరులో రాయదుర్గంలో తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ వేలం వేసిన 7.67 ఎకరాలకు ఎకరం 177 కోట్లు పలికింది. కోనసీమలో కొబ్బరి తోట ధర తెలిసినవారికి ఈ అంకెలు వేరే లోకానివిగా తోచవచ్చు. అయితే ఇందులో మాయ ఏమీ లేదు. భాగహారం ఉన్నది.

నూరు కోట్లకు కొన్న ఎకరంలో లక్ష చదరపు అడుగులు మాత్రమే కట్టగలిగితే, ఒక్కొక్క అడుగుపై భూమి ఖర్చే పదివేల రూపాయలు పడుతుంది. అదే ఎకరంలో నాలుగు లక్షల అడుగులు కట్టగలిగితే రెండువేల అయిదు వందలకు దిగుతుంది. నేల పెరగదు కాబట్టి అంతస్తులు పెరగాలి. ఇందుకు హైదరాబాద్‌లో చట్టం అడ్డు చెప్పదు. 2006 మార్చిలో వెలువడిన జీవో 86 నుంచి అక్కడ స్థలం విస్తీర్ణానికి ఇంత నిష్పత్తిలోనే కట్టాలన్న పరిమితి తొలగిపోయింది. 2012 ఏప్రిల్ నాటి జీవో 168 అదే పద్ధతిని కొనసాగించింది. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలవలసిన ఖాళీ, అగ్నిమాపక శాఖ, విమానాశ్రయ అధికారుల అనుమతి, ఇవే ఎత్తును నిర్ణయిస్తాయి. దేశంలోని పెద్ద నగరాలలో ఇంతటి వెసులుబాటు అరుదు. జీవో 168 ప్రకారం 18 మీటర్లకు చేరిన కట్టడమే ఎత్తయిన భవనం. కోకాపేటలోని ఎస్.ఏ.ఎస్. క్రౌన్ 57 అంతస్తులతో సుమారు 235 మీటర్లకు లేచింది. నిలువెత్తు పెరిగిన కొబ్బరి చెట్లు పదింటిని ఒకదానిపై ఒకటి నిలబెట్టినా అంత ఎత్తు రావడం కష్టం.

ఇక రెండవ లెక్క వడ్డీ. అయిదు ఎకరాలు, ఎకరం నూరు కోట్ల వంతున, అయిదు వందల కోట్లు. నూటికి 12 వంతున ఏడాదికి 60 కోట్ల వడ్డీ. రోజుకు పదహారు లక్షలకు పైమాట. ఇది భూమిపై పెట్టిన సొమ్ము మీద మాత్రమే. కట్టుబడి ఖర్చు వేరు. నలభై అంతస్తుల భవనానికి ఒక్కొక్క శ్లాబుకు పది రోజులు అదనంగా పడితే మొత్తం నాలుగు వందల రోజులు ఆలస్యం. వడ్డీ రూపంలో సుమారు 65 కోట్లు పోతాయి. సరుగుడు బాదును హైదరాబాద్ మేడల నుంచి బయటకు నెట్టినది ఈ 65 కోట్లే. కర్ర నాణ్యత తగ్గిందని గాని, ధర పెరిగిందని గాని ఎవరూ దాన్ని మానలేదు. బాదును ఊరికే ఇచ్చినా ఆ కాంట్రాక్టరు తీసుకోడు.

శ్లాబు కింద ఏమున్నది?

పాత పద్ధతి అందరికీ తెలిసినదే. సెంట్రింగు రేకులు పరచి, వాటి కింద రెండున్నర, మూడు అడుగులకొకటి చొప్పున బాదులు నిలబెడతారు. మూడడుగుల ఎడం అయితే పదివేల అడుగుల శ్లాబుకు పదకొండు వందల బాదులు, రెండున్నర అడుగులయితే పదహారు వందలు కావాలి. వీటి అడుగున చెక్కముక్కలు, చీలలు, అడ్డంగా కట్టుకర్రలు. శ్లాబు పోసిన తర్వాత వెంటనే తీయడానికి లేదు. భారతీయ ప్రమాణం 456 ప్రకారం నాలుగున్నర మీటర్ల లోపు వెడల్పు శ్లాబుకు ఏడు రోజులు, అంతకు మించితే పధ్నాలుగు రోజులు, ఆరు మీటర్లు మించిన దూలాలకు ఇరవై ఒక్క రోజులు ఊతం ఉంచాలి. బాదులు కదిలితే గాని పై అంతస్తు సెంట్రింగు మొదలు కాదు. లేదా రెండు మూడు జతల బాదులు, రేకులు పెట్టుకోవాలి. అయిదంతస్తుల అపార్టుమెంటుకు ఇది సరిపోతుంది. నలభై అంతస్తులకు సరిపోదు.

ఎత్తు మేడల్లో ఇప్పుడు వాడుతున్నది అల్యూమినియం అచ్చు. దీన్ని మలేషియాలో ప్రచారంలోకి తెచ్చిన కంపెనీ పేరుతో మన మేస్త్రీలు ‘మైవాన్’ అంటున్నారు. ఒక అంతస్తుకు కావలసిన గోడలు, శ్లాబు, మెట్లు, కిటికీ ఖాళీలు అన్నింటికీ ముందుగానే ఫ్యాక్టరీలో పలకలు తయారవుతాయి. వాటిని పిన్నులతో బిగించి, గోడలు, శ్లాబు కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. గోడ పలకలు మరునాడే ఊడదీస్తారు. శ్లాబు పలకలు ఒకటి రెండు రోజుల తర్వాత తీస్తారు గాని, వాటి కింది ఇనుప ఊతకర్రలను మాత్రం కదపరు. పలక ఊడినా ఊతం అలాగే నిలిచి ఉండేలా అచ్చును రూపొందించడమే ఈ పద్ధతిలోని కిటుకు. ఊడదీసిన పలకలను క్రేను అవసరం లేకుండా శ్లాబులో వదిలిన కంతల గుండా మనుషులే పై అంతస్తుకు అందించుకుంటారు. ఏడు నుంచి పది రోజులకు ఒక అంతస్తు లేస్తుంది. అంటే నలభై అంతస్తుల అస్థిపంజరం ఏడాదికి కొంచెం అటూ ఇటూగా పూర్తవుతుంది.

అల్యూమినియం అచ్చు ఖరీదు పెద్దది. కాని నూరుసార్లకు పైగా వాడవచ్చు. పనికి రాకుండా పోయిన తర్వాత తూకానికి పాతసామాను ధర వస్తుంది. సరుగుడు బాదు నాలుగైదు మేడలు చూసిన తర్వాత చేరేది పొయ్యిలోకే. ఒకే కొలత గదులు, ఒకే రకం అంతస్తులు ఉన్నప్పుడే ఈ అచ్చు గిట్టుబాటు. ఇంటికొక నమూనా కోరే మన ఊళ్ళలోని కట్టుబడికి పనికి రాదు. కోనసీమలో బాదు ఇంకా బతికి ఉన్నదంటే ఇదొక కారణం.

ఈ పద్ధతి కోనసీమ వ్యాపారులకు బొత్తిగా కొత్త కూడా కాదు. పట్టణ పేదల కోసం ఏపీ టిడ్కో 2017 నుంచి చేపట్టిన ఇళ్ళను గోడలు కూడా కాంక్రీటుతోనే పోసే ఈ ‘షీర్ వాల్’ విధానంలోనే కట్టారు. అమలాపురం పట్టణం కోసం బోడసకుర్రులో కట్టిన ఇళ్ళు ఆ పథకంలోనివే. అల్లవరం సరుగుడు తోటలకు అంత దగ్గరలో లేచిన ఇళ్ళవి. బాదు వ్యాపారంలో ఉన్నవారు గమనించవలసిన సూచన అప్పుడే వచ్చింది.

పరంజా సంగతీ అంతే. సరుగుడు, వెదురు బొంగులను కొబ్బరితాడుతో కట్టి మేస్త్రీలు పైకి ఎక్కే రోజులలో తాళ్ళ మోపులకు కూడా కట్టుబడి బజారు ఉండేది. ఇప్పుడు ఇనుప గొట్టాలు, బిగింపులు, పైనుంచి వేలాడే తొట్లు వచ్చాయి. వెదురు పరంజాతో ఆకాశమంత మేడలు కట్టవచ్చునని లోకానికి చూపించిన నగరం హాంకాంగ్. అక్కడ కూడా 2025 మార్చిలో కొత్త ప్రభుత్వ పనులలో కనీసం సగం వాటికి లోహపు పరంజాయే వాడాలని నిర్ణయించారు. అదే సంవత్సరం నవంబరు 26న మరమ్మతుల కోసం వెదురు పరంజా, వలలు కట్టి ఉన్న 31 అంతస్తుల వాంగ్ ఫుక్ కోర్టు భవనాలు అంటుకొని నూటయాభై మందికి పైగా మరణించారు. మంటలు వ్యాపించడానికి ప్రధాన కారణం నాసిరకం వలలు, కిటికీలకు కప్పిన నురుగు పలకలు అని దర్యాప్తులో తేలినప్పటికీ, వెదురుకు మళ్ళీ మంచిరోజులు వస్తాయని అనుకోవడానికి లేదు.

ఇటుక, ఇసుక

ఎత్తు పెరిగేకొద్దీ భవనాన్ని వంచేది బరువు కంటే గాలి. పిల్లర్ల మధ్య ఇటుక గోడ నింపితే అది గాలికి ఎదురు నిలవదు. బరువు మాత్రం పెంచుతుంది. కావున గోడే పిల్లరుగా మారింది. మధ్య గోడలు కట్టవలసిన చోట ఆవిరి పట్టించిన తేలిక సిమెంటు దిమ్మలు పెడుతున్నారు. ఘనమీటరు ఎర్ర ఇటుక పద్ధెనిమిది వందల కిలోలు తూగితే, ఈ దిమ్మలు ఆరు వందల కిలోల ప్రాంతంలో తూగుతాయి. నలభయ్యవ అంతస్తులో ఉంచిన ప్రతి కిలోను కింది ముప్ఫై తొమ్మిది అంతస్తులూ, పునాదీ మోయాలి. గోదావరి ఒండ్రుమట్టితో కోసి ఊకతో కాల్చిన ఇటుక ఎంత మంచిదయినా ఈ లెక్క ముందు నిలవదు.

కొత్తపేట నియోజకవర్గంలోని రావులపాలెం, ఆలమూరు, జొన్నాడ వైపు ఇసుక వ్యాపారానికి హైదరాబాద్ మేడలతో సంబంధం లేకపోవడానికి రెండు కారణాలు. ఒకటి, ఇసుక రాష్ట్రం దాటడానికి ఆంధ్రప్రదేశ్ నిబంధనలు ఒప్పుకోవు. 2024 జూలై 8 నుంచి అమలులోకి వచ్చిన ఉచిత ఇసుక విధానం రాష్ట్రంలోని వినియోగదారుల కోసమే. రెండు, హైదరాబాద్ కూర్చున్నది నల్లరాతి గుట్టల మీద. ఆ రాయిని క్రషర్లలో ఆడించి తీసిన ‘రోబో శాండ్’ను రెడీమిక్స్ కాంక్రీటు ప్లాంట్లు విరివిగా వాడుతున్నాయి. సన్న ఇసుక ఎక్కువగా పట్టేది గోడ పూతకు. అల్యూమినియం అచ్చులో పోసిన గోడ నున్నగా వస్తుంది కనుక ఆ పూత కూడా తగ్గిపోయి, పైన పుట్టీ మాత్రం పడుతున్నది.

సిమెంటు, ఇనుము వేరు

ఇంతవరకు చెప్పినవి పోయిన సరుకులు. పోనివి సిమెంటు, ఇనుము. మామూలు అపార్టుమెంటుకు చదరపు అడుగుకు సుమారు 0.4 బస్తా సిమెంటు, నాలుగు కిలోల ఇనుము అని మేస్త్రీలు లెక్క వేస్తారు. గోడలన్నీ కాంక్రీటే అయిన ఎత్తు మేడలో ఇనుము ఆరు కిలోలు దాటడం మామూలు. అయితే ఈ సిమెంటు బస్తాల్లో రాదు. ఫ్యాక్టరీ నుంచి ట్యాంకరు లారీలో పొడిగా రెడీమిక్స్ ప్లాంటుకు పోతుంది. ఇనుము కూడా ఫ్యాక్టరీతో నేరుగా బేరం. మధ్యలో డీలరుకు చోటు తక్కువ.

అయినప్పటికీ అమలాపురం, రాజోలు సిమెంటు వర్తకులు హైదరాబాద్ పనుల వేగాన్ని ఒక కంట కనిపెట్టి ఉండవలసినదే. కారణం ఇది. హుజూర్‌నగర్, మట్టపల్లి నుంచి జగ్గయ్యపేట, మాచర్ల వరకు కృష్ణానది ఇరువైపులా ఉన్న సిమెంటు ఫ్యాక్టరీలు హైదరాబాద్‌కూ సరఫరా చేస్తాయి, కోస్తాకూ సరఫరా చేస్తాయి. అక్కడ పని ముమ్మరమైతే సరుకు అటు పోతుంది. ఇక్కడ రాయితీలు తగ్గుతాయి. అక్కడ పని మందగిస్తే మిగిలిన సరుకు కోస్తా మీదికి వస్తుంది; కంపెనీ ప్రతినిధులు డీలర్ల గుమ్మాలు ఎక్కుతారు. బాదుకు తెగిపోయిన బంధం సిమెంటుకు ఈ దారిన మిగిలి ఉన్నది. ఇందులో పన్ను మార్పును కలిపి చూడరాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటుపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అసలు ధర 250 రూపాయలనుకుంటే బస్తా 320 నుంచి 295కు తగ్గాలి. ఈ పాతిక రూపాయలు పన్ను తగ్గుదల. అంతకు పైన కనిపించే హెచ్చుతగ్గులే గిరాకీ సంగతి చెబుతాయి.

అమరావతిపై ఆశ

హైదరాబాద్ పోతే పోయింది, అమరావతి దగ్గరే కదా అన్న మాట బజారులో వినిపిస్తుంది. 2019లో నిలిచిపోయిన రాజధాని పనులను 2025 మే 2న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ పునఃప్రారంభించారు. అయిదు సచివాలయ టవర్లలో ఒకటి 47 అంతస్తుల నమూనా. వీటిని ఏటవాలు ఉక్కు దూలాల అల్లికతో నిలబెట్టే పద్ధతిలో రూపొందించారు. అంటే సెంట్రింగు బాదుకు అక్కడ ఇంకా చోటు తక్కువ. శాసనసభ్యులు, అఖిలభారత సర్వీసు అధికారుల కోసం కట్టిన 18 టవర్లు పన్నెండు అంతస్తులవి. అక్కడా సరుగుడు తోటల మీద ఆధారపడిన పని తక్కువే.

అయితే అమరావతిలో ఒక తేడా ఉన్నది. రాజధాని చుట్టూ పెరిగేది టవర్లు మాత్రమే కాదు. కూలీల పాకలు, దుకాణాలు, మూడు నాలుగు అంతస్తుల అద్దె ఇళ్ళు, ప్రహరీలు కూడా. వీటికి బాదు కావాలి. గిరాకీ అంచనా వేయదలచినవారు టవర్ల సంఖ్యను కాక, విజయవాడ, మంగళగిరి, తాడేపల్లి పరిసరాలలో చిన్న కట్టుబడికి వచ్చే అనుమతులను చూసుకోవడం మంచిది. హైదరాబాద్ విషయంలోనూ కొలబద్ద ఇదే. అయిదంతస్తుల లోపు కట్టుబడి సాగుతున్నంత కాలం అక్కడి అడితీలు బాదు కొంటూనే ఉంటాయి. కోకాపేట వార్తలతో వాటికి పని లేదు.

సరుకు పోకున్నా సొమ్ము పోతున్నది

విచిత్రమేమంటే, కోనసీమ నుంచి ఆ మేడలకు సరుకు పోవడం తగ్గిన కాలంలోనే సొమ్ము పోవడం మొదలయింది. కొబ్బరి, రొయ్య, గల్ఫ్ సంపాదన, ఏది మిగిలినా హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు అన్నది ఇక్కడి మధ్యతరగతి ఆలోచన. ఈ బేరాలు కుదిర్చే బ్రోకర్లలో ధాన్యం, కొబ్బరి కమిషను వ్యాపారం నుంచి వచ్చినవారూ ఉన్నారు. వారు కొన్ని విషయాలు తెలిసి ఉండటం అవసరం. ఎందుకంటే నోటిమాట మీద నడిచే కొబ్బరి బేరం వంటిది కాదు ఇది.

2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గాని, ఎనిమిది ఫ్లాట్లు మించి గాని కట్టేవారు రెరా నమోదు లేకుండా ప్రకటన ఇవ్వరాదు, అడ్వాన్సు తీసుకోరాదు. అగ్రిమెంటు రిజిస్టరు కాకముందు ధరలో పదో వంతుకు మించి పుచ్చుకోరాదు. కొనుగోలుదార్ల నుంచి వచ్చిన సొమ్ములో నూటికి డెబ్బై వంతులు ఆ ప్రాజెక్టు పేరిట ప్రత్యేక ఖాతాలో ఉంచి, దాని భూమికి, కట్టుబడికి మాత్రమే వాడాలి. బేరం కుదిర్చే ఏజెంటు కూడా నమోదు చేసుకోవాలి. లేకపోతే రోజుకు పదివేల వంతున, అమ్మిన ఫ్లాటు ఖరీదులో అయిదు శాతం వరకు జరిమానా పడవచ్చు. రెండు శాతం కమిషను కోసం అయిదు శాతం పోగొట్టుకోవడం ఏ వ్యాపారికీ లాభసాటి కాదు.

అనుమతులు రాకముందే ‘ప్రీ లాంచ్’ పేరిట, అవిభక్త వాటా రిజిస్టరు చేస్తామని చెప్పి, మొత్తం సొమ్ము ఒకేసారి కడితే సగం ధరకే ఇస్తామనే పద్ధతి ఈ చట్టానికి విరుద్ధం. ఇందులో కొన్నవాడి చేతికి వచ్చేది నేలలో ఒక చిన్న వాటా. ఏ అంతస్తు, ఏ ఫ్లాటు అన్నది కాగితంపై లేనిదే. పని మొదలు కాకపోతే ఆ వాటాను విడిగా అమ్ముకోవడం దాదాపు అసాధ్యం. నూరు మంది వాటాదారుల సంతకాలు కూడబెట్టి ఎకరం అమ్మిన చరిత్ర ఎక్కడా వినరాదు.

మేడ పురోగతిని చూసి వాయిదాలు కట్టేవారు మరొకటి గమనించాలి. హైదరాబాద్‌లో మొదటి ఆలస్యం భూమి లోపల. కార్ల కోసం మూడు నాలుగు సెల్లార్ల లోతు రాయి పగలగొట్టడానికి నెలలు పడుతుంది. ఆ దశలో పైకి ఏమీ కనిపించదు. తర్వాత అల్యూమినియం అచ్చుతో అంతస్తులు చకచకా లేస్తాయి; వాయిదాలు కూడా శ్లాబుల వెంట అంతే చకచకా వస్తాయి. కోనసీమలో రెండంతస్తుల ఇంటికి శ్లాబు పడితే సగం పని అయినట్టే. నలభై అంతస్తుల మేడకు ఆఖరి శ్లాబు పడిన తర్వాత లిఫ్టులు, నీటి గొట్టాలు, అగ్నిమాపక ఏర్పాట్లు, కిటికీలు, నేల పరుపు పూర్తయి, నివాసయోగ్య పత్రం చేతికి రావడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు పట్టడం వింత కాదు. అప్పటికి కొనుగోలుదారు ఎక్కువ భాగం సొమ్ము కట్టేసి ఉంటాడు. ఆ రెండేళ్ళు అద్దె రాదు, ఇక్కడ పెట్టుబడికి సొమ్మూ ఉండదు. కొబ్బరి సీజనులో రొక్కం బిగిసినప్పుడు, ధర తగ్గిందన్న దానితో పాటు వ్యాపారుల సొమ్ము ఎక్కడ ఇరుక్కున్నదన్నది కూడా చూడాలి.

మేడలకు పోతున్న కోనసీమ సరుకు

అలాగని ఆ మేడలకు ఇక్కడి సరుకు అసలే పోదని కాదు. కార్ల సెల్లార్ల పైకప్పు మీద తోటలు పెంచడం ఇప్పుడు ప్రతి పెద్ద ప్రాజెక్టులోనూ ఉన్నది. శ్లాబు మీద రెండడుగుల మట్టి పోస్తే, అది తడిసినప్పుడు బరువు విపరీతం. అందువల్ల మట్టిలో కొబ్బరి పొట్టు కలుపుతారు. తేలిక, తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పట్టి ఉంచుతుంది. ఎర్ర ఇటుకను మేడ నుంచి దించిన బరువు లెక్కే కొబ్బరి పొట్టును మేడ ఎక్కించింది. అంబాజీపేట పరిసరాలలో ఒకప్పుడు పీచు తీసిన తర్వాత రోడ్డు పక్క గుట్టలు పోసి, వానకు కుళ్ళనిచ్చిన సరుకు ఇది. కడియం నర్సరీల మొక్కలతో కలిసి ఇదీ లారీ ఎక్కుతున్నది. కాకపోతే ఉప్పు శాతం తగ్గేలా మంచినీటితో కడిగి, ఆరబెట్టి, దిమ్మలుగా నొక్కినదానికే పట్నంలో ధర. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో కడగని పొట్టును పంపితే మొక్కలు మాడి, సరుకు తిరిగి వస్తుంది. అయితే ఈ బజారు పరిమాణం చిన్నది. వేల ఎకరాల సరుగుడుకు ఇది ప్రత్యామ్నాయం కానేరదు.

సరుగుడుకు ఇప్పుడు పెద్ద కొనుగోలుదారు కాగితం మిల్లు. రాజమహేంద్రవరం, కడియంలలో యూనిట్లున్న ఆంధ్ర పేపర్ సంస్థ సరుగుడు, సుబాబుల్ గుజ్జుతో కాగితం తయారు చేస్తున్నది. 2019లో వెస్ట్ కోస్ట్ పేపర్ మిల్స్ ఈ సంస్థను కొనుగోలు చేసింది. 1996 నవంబరు తుఫానులో కొబ్బరి కూలిపోయిన తర్వాత, మళ్ళీ కొబ్బరి కాపుకు ఆరేడేళ్ళు ఆగలేని రైతుకు నాలుగైదేళ్ళలో రొక్కం చూపించే పంటగా సరుగుడు ఆనాడు అక్కరకు వచ్చింది. ఆ రైతుకు ఈనాడు మార్గం రెండుగా చీలింది. బాదు బజారు లెక్కకు, లావుకు, నిటారుకు డబ్బిస్తుంది. మిల్లు తూకానికి డబ్బిస్తుంది. వంకర కర్రయినా దానికి ఒకటే.

ఈ తేడా తోట పెంపకంలోనే మొదలవుతుంది. దగ్గర దగ్గరగా నాటి, కింది కొమ్మలు వేళకు నరికితే సన్నగా, నిటారుగా బాదు వస్తుంది. మిల్లుకయితే మొదలు లావెక్కేలా కాస్త ఎడం ఇచ్చి మరో ఏడాది ఆగవచ్చు. నిలువునా తోట కొనే వ్యాపారి బేరానికి ముందు మొక్కల ఎడం కొలుచుకోవడం ఇందుకే. రెంటికీ మధ్య ఉన్న తోటలో అడుగు మొద్దులు మిల్లుకు, నడుమ కర్ర సెంట్రింగుకు, పందిళ్ళకు, కొసలు బట్టీలకు వేరు చేయించుకుంటే గాని గిట్టుబాటు కాదు. కొట్టించే రోజు కూడా లెక్కలోనిదే. పచ్చి సరుగుడు ఆరేకొద్దీ తూకం తగ్గుతుంది. బాదుగా అమ్మదలచిన కర్రను నీడన ఆరబెట్టి ధర కోసం కొన్నాళ్ళు ఆగవచ్చు. మిల్లుకు పంపదలచినదాన్ని నరికిన కొద్ది రోజులకే లారీ ఎక్కించకపోతే, ఆ తరుగు వ్యాపారి ఖాతాలోనే పడుతుంది.